తెల్లరంగు రాతలు

బనగానపల్లె మామిడి మండీలో బేరం రెండు అంతస్తుల్లో నడుస్తుంది. పైకి అరిచి చెప్పే ధర అందరిదీ. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పుకునే ధర ఇద్దరిదే. వేలు మొత్తం పట్టుకుంటే ఒక లెక్క, గణుపు దగ్గర నొక్కితే ఇంకో లెక్క. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా వాళ్లకు కనిపించేది ఒక తువ్వాలూ రెండు మొహాలూ మాత్రమే. అక్కడ మండీ నడిపే నాగసుబ్బయ్య మొహం చూసి ముప్పై రెండేళ్లలో ఎవరూ ఏమీ పసిగట్టలేకపోయారు. తన అసలు పెట్టుబడి అదేనని ఆయన నమ్మకం.

ఆ తువ్వాలు కింద ధరతో పాటు మాట కూడా చేతులు మారుతుంది. ఈ తోట కాయ పైకి బాగుంది గానీ దూరం పంపొద్దు, ఆ కాయ వంకరే గానీ లోపల తేనె. వేళ్లు పట్టుకున్నప్పుడు చెవిలో పడేసే ఇలాంటి మాటల కోసమే బళ్లారి కాశిం సాహెబ్ మొదలుకుని పద్నాలుగు మంది పాత బేరగాళ్లు ప్రతి వేసవిలో నాగసుబ్బయ్య మండీ గడప తొక్కేవారు.

రెండు వేల ఐదు వేసవికి వాళ్లు రావడం మానేశారు. గిట్టక కాదు. అందరి దుకాణాల్లోకీ కంప్యూటర్లు వచ్చాయి. "ఈ ఎండల్లో బస్సెక్కి ఎవరొస్తారు సేఠూ, రేట్లు మెయిల్ కొట్టు చాలు" అన్నాడు కాశిం సాహెబ్ ఫోన్లో. నాగసుబ్బయ్య ఆ రాత్రే లెక్క వేసుకున్నాడు. కంప్యూటర్ కొనకపోతే పద్నాలుగు మంది పోతారు. కొంటే ఒక లారీ కాయ ఖరీదు పోతుంది. మర్నాడు కర్నూలు వెళ్లి కంప్యూటర్ తెచ్చాడు.

దాని ముందు కూర్చునేది కోడలు శ్రీవాసవి. కర్నూలు పిల్ల. బీకాం తర్వాత ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసింది. మొదటి రోజు ఆమె రేట్ల పట్టీ తయారు చేసి చూపిస్తే నాగసుబ్బయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని మరీ చూశాడు. పైన పసుపు పట్టీ, దాని మీద ఎర్రటి అక్షరాల్లో మండీ పేరు, కింద గళ్లు గీసి తోట పేరు, కాయ రకం, ధర. పెళ్లి పత్రికలా ఉంది.

"ఇది ఇట్లే కనపడుతుందా అమ్మా వాళ్లకు?"

"ఇట్లే మామయ్యా. రంగులు, గళ్లు అన్నీ."

"బాగుండాది. మరి తువ్వాలు ఎట్ల కప్పల్ల?"

శ్రీవాసవికి అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. అందరికీ ఒకే కాగితం పోవాలి. ఒకరికొకటి, ఇంకొకరికొకటి పంపితే వాళ్లలో వాళ్లు ఫోన్లు చేసుకుని పోల్చుకుంటారు, పేరు పోతుంది. కాబట్టి కాగితం ఒకటే. కానీ పాత బేరగాళ్లకు ఇచ్చే లోపలి ధర, కాయ గురించిన లోపలి మాట అందులోనే ఉండాలి. తెలిసినవాళ్లకే కనపడాలి.

ఆమె కాసేపు ఆలోచించి, ఒక్కో తోట కింద ఒక్కో వరుస పెంచింది. అందులో అక్షరాలు కొట్టి వాటి రంగు తెలుపు చేసింది. తెల్ల తెర మీద తెల్ల అక్షరాలు మాయమైపోయాయి. వరుస ఖాళీగా కనపడింది. మౌస్ నొక్కిపట్టి ఆ ఖాళీ మీదుగా లాగితే నీలం పరుచుకుని, అందులోంచి అక్షరాలు బయటికి వచ్చాయి.

నాగసుబ్బయ్య రెండుసార్లు లాగి చూసి, "శెభాష్" అన్నాడు. కోడలిని ఆయన పైకి మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆ కిటుకు పద్నాలుగు మందికీ ఫోన్లో చెప్పాడు. ఏప్రిల్ అంతా పట్టీలు తెల్లరంగులో తువ్వాలు కప్పుకుని పోయాయి. కాయ కదిలింది.

మే మొదటి వారంలో హైదరాబాదు కంపెనీ సంగతి వచ్చింది. నలభై పళ్ల దుకాణాలున్న కంపెనీ. ఈసారి సీజన్ మొత్తానికి బేనిషాన్, అంటే బంగినపల్లి కాయ, ఒకే మండీ నుంచి తీసుకుంటామని, రేట్లు మెయిల్లో పంపమని అడిగింది. పోటీలో రాజంపేట వ్యాపారి రాఘవేంద్రప్రసాద్ ఉన్నాడు. పడమటి లారీలన్నీ తన దగ్గరకు తిప్పుకునే మొనగాడు.

నాగసుబ్బయ్యకు ఇది ఒక ఆర్డరు సంగతి కాదు. కంపెనీ రాజంపేటకు పోతే కాయ కూడా అటే పోతుంది. రైతులెవరూ మొహమాటానికి తోట కోయరు. పెద్ద ఈరన్న ముందే ఆ మాట మొహం మీద అనేశాడు. "చూడు సుబ్బయ్యా, ఆ కంపెనీ నీకొస్తే నా కాయ నీది. ఆ రాజంపేటాయనకు పోతే నేనూ ఆడికే. నీ మీద కోపం కాదు. దుడ్లు యాడుంటే ఆడికి పోవల్ల కదా." ఈరన్న వెళితే సోమన్న, శేషన్న వెనకే వెళతారు. పది తోటలు కదిలితే ఆ మండీలో మిగిలేది రేకుల కప్పూ ఎండుగడ్డీ.

సోమవారం పట్టీ పంపేటప్పుడు కంపెనీ పేరును పదిహేనోదిగా చేర్పించాడు. అందరికీ పోయే కాగితమే నీకూ వచ్చింది అని రేపు ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఖాళీ వరుసల మీద మౌస్ లాగాలని కంపెనీకి ఎవరు చెప్పబోయారు?

గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. కంపెనీ తరఫున సరుకు కొనే ప్రదీప్‌కుమార్. మర్యాదగా మాట్లాడాడు. "మీ మెయిల్ మొత్తం చదివామండి. రేపు ఉదయం మండీకి వస్తున్నా. సోమవారం రాసిన తోటల కాయ ఉంచండి" అన్నాడు.

నాగసుబ్బయ్య సంతోషంగా చెప్పబోతుంటే శ్రీవాసవి ఒక మాట దగ్గర ఆగిపోయింది. "మొత్తం అన్నాడా మామయ్యా?"

"అన్నాడు. ఏం?"

ఆమె మెయిల్ ప్రోగ్రాం తెరిచి, ఎక్కడో లోపల ఒక గడిలో టిక్కు పెట్టి, తాము పంపిన పట్టీనే మళ్లీ తెరిచింది. పసుపు పట్టీ లేదు. ఎర్ర అక్షరాలు లేవు. గళ్లు లేవు. అన్నీ ఒకే సైజు నల్ల అక్షరాలు, వరుసగా. తోట పేరు, పై ధర, దాని కిందే లోపలి ధర, దాని కిందే లోపలి మాట. తువ్వాలు తీసేసిన చేతుల్లా అన్నీ పట్టపగలు కనిపిస్తున్నాయి.

"ఇదేంది?"

"ప్రతి మెయిలూ ఒక కవరులో రెండు కాగితాలుగా పోతుంది మామయ్యా. ఒకటి సింగారించింది, ఒకటి ఉత్తది. ఏది చూపించాల్నో అవతలోళ్ల కంప్యూటర్ ఇష్టం. పెద్ద కంపెనీలు వైరస్‌లకు భయపడి ఉత్త కాగితమే చూస్తాయి. ఉత్తదానికి రంగు ఉండదు. తెలుపు లేదు, నలుపు లేదు. నేను ముందే చూడాల్సింది. తప్పు నాదే."

నాగసుబ్బయ్య తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయాడు. ముప్పై రెండేళ్లలో మొదటిసారి ఆయన మొహం చదవడం ఎవరికైనా సులువయ్యేది.

"వాళ్లకు ఫోన్ చేసి కంప్యూటర్ చెడిపోయిందని, వేరే ఎవరివో లెక్కలు దీంట్లో కలిసినాయని చెప్దామా?" అంది శ్రీవాసవి.

ఆ రోజుల్లో ఆ అబద్ధం చెల్లేది. అన్ని తప్పులూ కంప్యూటర్ మీదికే తోసేవాళ్లు, అది ఎదురు మాట్లాడదు. నాగసుబ్బయ్య దాన్ని కూడా తూచాడు. అబద్ధం చెబితే రేపు గండం గడుస్తుంది. కానీ ఆ తెల్ల రాతల్లో ఉన్నది తన ముప్పై రెండేళ్ల చూపు. అది నాది కాదు అన్నాక ఇక అమ్ముకోవడానికి తన దగ్గర ఏముంది? రేకుల కప్పు ఎవడైనా వేస్తాడు.

"వద్దమ్మా. రానీ. రాసింది నేనే. రేపు కత్తులు నూరించు."

శుక్రవారం ఎనిమిది గంటలకు కంపెనీ జీపు దిగింది. ప్రదీప్‌కుమార్ ముప్పై దాటని మనిషి, చేతిలో ప్రింటు తీసిన కాగితాలు. ఆయన వస్తున్నాడని తెలిసి రైతులంతా ముందే చేరారు. పెద్ద ఈరన్న అందరికంటే ముందు, తన బుట్టల పక్కనే గడ్డి మీద కూర్చున్నాడు.

ప్రదీప్‌కుమార్ టీ కూడా ముట్టకుండా కాగితం తీశాడు. "నాగసుబ్బయ్య గారూ, ఒక్కో తోటకు రెండు ధరలున్నాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఏది నిజమండి?"

"రెండూ నిజమే సార్. పైది కొత్తవాళ్లకు, కిందిది పాతవాళ్లకు. కిందిది మీరు చూడకూడదని తెల్లరంగులో రాయించినా. మీ కంప్యూటర్ రంగులు చూడదంట, నాకు నిన్ననే తెలిసింది."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ప్రదీప్‌కుమార్ అనుకోలేదు. తెచ్చుకున్న ప్రశ్నల్లో సగం పనికిరాకుండా పోయాయి. "ధర కింద ఇంకా ఏవో మాటలున్నాయి" అంటూ చదవడం మొదలుపెట్టాడు. "పెద్ద ఈరన్న తోట. పైకి బంగారం. టెంకలో పురుగు. పది కాయలకు మూడు. దూరం పంపొద్దు."

పెద్ద ఈరన్న గడ్డి మీద నుంచి లేచాడు.

"ఏమప్పా సుబ్బయ్యా! నా కాయలో పురుగుండాదని ఊరూరికీ రాసినావా? అదీ ఎవరికీ కనపడకుండా?"

"రాసినా ఈరన్నా."

"నా ఎదురుగా చెప్పనీకె నోరు లేదా నీకు?"

"నీ ఎదురుగా చెప్తే నువ్వు వింటావా? పోయినేడు చెప్తే మూడు నెల్లు మాట్లాడలేదు."

వెనక సోమన్న నవ్వాడు. "నవ్వుతాండావా? నీది కూడా చదవనీ" అన్నాడు ఈరన్న.

ప్రదీప్‌కుమార్ చదివాడు. సోమన్న తోట, వడగళ్ల మచ్చ ఉంది, లోపల బాగుంది, దుకాణంలో పేర్చే కాయ కాదు, రసానికి తీసుకోండి. శేషన్న తోట, తొందరపడి కోశాడు, లేత, వారం ఆగండి. రామేశ్వరమ్మ తోట, కాయ చిన్నది, వంకర, బాగా ముదురు, తిన్నవాడు మళ్లీ అడుగుతాడు. ఒక్కో పేరుకూ ఒక్కో మనిషి తల దించుకోవడమో మీసం తడుముకోవడమో జరుగుతోంది. రామేశ్వరమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వంకర అని రాయకుంటే ఏం పోయె" అంది.

నాగసుబ్బయ్య అరుగు దిగి మధ్యలోకి వచ్చాడు. "సార్, మాటలెందుకు? కాయ ఈడే ఉండాది, కత్తీ ఈడే ఉండాది. నేను రాసింది ఒక్కొక్కటీ కోసి చూడండి. తప్పయితే మీ జీపు రాజంపేటకు తిప్పుకోండి. నేను అడ్డం రాను."

మామ ఇంత పెద్ద పందెం కాయడం శ్రీవాసవి ఎప్పుడూ చూడలేదు.

శేషన్న బుట్టలోంచి ప్రదీప్‌కుమార్ తనే అయిదు కాయలు ఏరి కోశాడు. అయిదూ లోపల సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ముదిరిన కాయ అయితే టెంక చుట్టూ పసుపు తిరగాలి. శేషన్న పెళ్లాం వైపు చూశాడు. ఆమె "నేను చెప్తే విన్నావా?" అంది అందరి ముందే. సోమన్న కాయల తోలు మీద నల్లటి మచ్చలు, లోపల మాత్రం ఏ దెబ్బా లేదు. రామేశ్వరమ్మ కాయ కోస్తే కత్తి అంచు వెంట పసుపు. ముందే గడ్డిలో మాగేసిన ఒక కాయను ముక్క కోసి ఇస్తే ప్రదీప్‌కుమార్ తిని, ఇంకో ముక్క కోసం తెలియకుండానే చెయ్యి చాపాడు.

"మళ్లీ అడిగినాడు చూడు!" అన్నారు ఎవరో. మండీ అంతా గొల్లుమంది.

ఇక మిగిలింది పెద్ద ఈరన్న కాయ. ఈరన్న తనే బుట్ట తోసి ముందు పెట్టాడు. "కొయ్యి సార్. ఎన్నయినా కొయ్యి."

పది కోశారు. పురుగు లేదు. ఇంకో పది కోశారు. ఒక్క దాంట్లో కూడా లేదు. టెంకలు చీల్చి చూశారు. పాలలా శుభ్రంగా ఉన్నాయి.

ప్రదీప్‌కుమార్ కత్తి కింద పెట్టి నాగసుబ్బయ్య వైపు చూశాడు. రైతులందరూ చూశారు. నాగసుబ్బయ్య లోపల తక్కెడ ఒక్కసారిగా ఓటమి వైపు వాలిపోయింది. పది తోటలూ, మండీ, పేరు, అన్నీ ఆ ఇరవై కాయల మీద ఉన్నాయి. సోమవారం తను చూసిన కాయలో పురుగు ఉంది. కళ్లారా చూశాడు. కానీ ఆ మాట ఇప్పుడు అంటే వాదన అవుతుంది. కోసిన కాయ ముందు వాదన నిలబడదు.

"ఇది నా తప్పు సార్" అన్నాడు. "అమ్మా వాసవీ, కంప్యూటర్ పెట్టు. ఇప్పుడే పదిహేను మందికీ ఇంకో కాగితం పంపు. పెద్ద ఈరన్న కాయ గురించి సోమవారం రాసింది తప్పు, శుక్రవారం ఇరవై కోసి చూసినాము, పురుగు లేదు, దూరమైనా పంపొచ్చు. నా పేరు పెట్టు. రంగులొద్దు. ఉత్త అక్షరాలే, ఎవరి కంప్యూటర్లో అయినా ఒక తీరుగా కనపడల్ల."

ఇంటర్నెట్‌కు ఫోను లైను కీచుమని అరిచి కలిసేదాకా ఎవరూ కదల్లేదు. శ్రీవాసవి కొట్టింది, చదివి వినిపించింది, పంపింది. పోయింది అని చెప్పింది.

అప్పటిదాకా నిలబడి ఉన్న పెద్ద ఈరన్న మళ్లీ గడ్డి మీద కూర్చున్నాడు. కోపమంతా ఎక్కడికో పోయింది. "సుబ్బయ్యా, నీ తప్పేమీ లేదులేప్పా. సోమవారం నాడు కాలవ గట్టు చెట్ల కాయ ఏసినా. పురుగు నేనూ చూసినా. మంగళవారం నుంచి ఆ చెట్లు వేరే పెట్టి పై చేను కాయే తెస్తాండా. నీకు చెప్తే రేటు తగ్గిస్తావని చెప్పలా."

ప్రదీప్‌కుమార్ ఇక ఆపుకోలేక నవ్వేశాడు. జేబులోంచి ఇంకో కాగితం తీసి నాగసుబ్బయ్య చేతికిచ్చాడు. అది దాదాపు ఖాళీ. పైన రాజంపేట చిరునామా, కింద అర్థంకాని గుర్తులు నాలుగు వరుసలు. "రాఘవేంద్రప్రసాద్ గారి మెయిల్ ఇది. మొత్తం బొమ్మగా చేసి పంపారట, చాలా అందంగా ఉంటుందట. మా దగ్గర ఇలా వచ్చింది. మళ్లీ పంపమంటే మళ్లీ ఇలాగే వచ్చింది. మూడోసారి మేము అడగలేదు. మొత్తం అయిదుగురు పంపితే అందులో కాయ గురించి నిజం రాసింది మీరొక్కరే. అదీ మాకు తెలియకూడదని రాశారు."

"కాబట్టి ఆర్డరు మాకే కదా సార్?" అన్నాడు సోమన్న, అడగకుండా ఉండలేక.

"ఇస్తాను. కింది ధరకి."

అందరూ నాగసుబ్బయ్య తల ఊపుతాడనే అనుకున్నారు. శ్రీవాసవి కూడా అలాగే అనుకుంది. ఆయన ఊపలేదు. చేతికి అంటిన రసం తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"కింది ధర పాతవాళ్లది సార్. ఆరేళ్ల కింద వానలకు రోడ్లు తెగి లారీలు నిలిచిపోతే, మాగి కారిపోతాండే కాయ కూడా వద్దనకుండా తీసుకున్నాడు కాశిం సాహెబ్. ఆ ధర ఆయన సంపాదించుకున్నాడు. మీరు నిన్న కాక మొన్న వచ్చినారు. మీకు పై ధరే. కానీ కింద రాసిన మాట మీకూ రాస్తా. రోజూ రాస్తా. ఏ తోటది ఏ దుకాణంలో పెట్టల్నో, ఏది రసానికి పోవల్నో, ఏది వారం ఆగల్నో. నలభై దుకాణాల్లో కుళ్లి పారబోసే కాయ ఎంతో మీకే తెలుసు. అది సగానికి తగ్గితే నా పై ధర మీకు ఎక్కువో తక్కువో మీరే చెప్పండి."

ప్రదీప్‌కుమార్ శేషన్న బుట్టలోని తెల్లటి కాయ ముక్కను తీసి చేత్తో తిప్పాడు. ఆ ముక్క తమ దుకాణంలోకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయనకు తెలుసు.

"పోయినేడు మూడింట ఒక వంతు పారబోశాం" అన్నాడు చివరికి. "పై ధరే. సీజన్ మొత్తం. కానీ ఆ మాటలు నల్లగా రాయాలి."

"నల్లగానే. ఇంక తెలుపు లేదు."

హమాలీలు ముందు అరిచారు. తర్వాత రైతులు. రామేశ్వరమ్మ తన వంకర కాయలు ఒక బుట్ట తెచ్చి జీపులో పెట్టించింది, ఊరికే. పెద్ద ఈరన్న, నాగసుబ్బయ్య భుజం మీద చెయ్యి వేసి, "రాజంపేటాయనకు అయినా ఒక కాయ పంపప్పా, పాపం బొమ్మలు గీసి అలిసిపోయింటాడు" అన్నాడు.

పదకొండు గంటలకు కాశిం సాహెబ్ ఫోను. "ఏం సేఠూ, ఈ పొద్దు కాగితం ఉత్తగా వచ్చె, పర్దా తీసేస్తివే? నా లోపలి ధర ఏమాయె?"

"మాట అందరికీ సాహెబ్. ధర నీకు ఫోన్లో. వేళ్లు నువ్వే వచ్చి పట్టుకో."

"అట్లయితే బస్సెక్కుతా" అని కాశిం సాహెబ్ నవ్వాడు.

ఆ సాయంత్రం మొదటి లారీకి కాయ ఎక్కుతోంది. లోపల శ్రీవాసవి రేపటి పట్టీ కొడుతోంది. గళ్లు లేకపోయినా వరుసలు సరిగ్గా నిలబడేలా ఖాళీలు లెక్కపెట్టి మరీ కొడుతోంది. మామ ఒక్కో తోట పేరు చెబుతున్నాడు, దాని మంచీ చెడ్డా ఆ రైతు వినేలా గట్టిగా చెబుతున్నాడు. వినడానికి కిటికీ దగ్గర పదిమంది నిలబడ్డారు. శేషన్న వారం తర్వాతే కోస్తానని ఒప్పుకుని, ఆ మాట కూడా కాగితంలో ఎక్కించమన్నాడు.

పెద్ద ఈరన్న కిటికీ చువ్వలు పట్టుకుని తల లోపలికి పెట్టాడు. "తల్లీ, నా తోట సంగతి పెద్ద అక్షరాల్లో కొట్టు. ఎర్రగా."

"పెద్దవీ చిన్నవీ లేవు పెదనాన్నా. ఎరుపూ లేదు. అందరికీ ఒకటే సైజు."

"అట్లయితే ముందు నాది రాయి. పైన."

నాగసుబ్బయ్య నవ్వుతూ, "పైనే రాయమ్మా" అన్నాడు. బయట లారీ హారన్ కొట్టింది. ఈరన్న చువ్వలు వదిలి, తన బుట్టలు కింద పడేశారా పైన పెట్టారా చూసుకోవడానికి పరుగెత్తాడు. శ్రీవాసవి పెద్ద ఈరన్న తోట అని పై వరుసలో కొట్టి, పంపు బొత్తాం నొక్కింది.